మందు లేదు కదా, పరీక్ష ఎందుకు?

చూలు కట్టని ఆడగుర్రం గురించి మాట్లాడుతూ కారియోటైప్ (కణాల్లోని క్రోమోజోములను లెక్కపెట్టి చూసే పరీక్ష) చేయిద్దామంటే స్టడ్‌ఫారాల్లో, అంటే గుర్రాలను ఈనించే ఫారాల్లో, ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది: "తేలితే మాత్రం చేసేదేముంది? మందు లేదు కదా." మొదటిసారి వింటే కాదనలేం. తక్కువైన క్రోమోజోమ్‌ను తెచ్చి అతికించే మందు ఏ షాపులోనూ దొరకదు. కానీ నా దృష్టిలో ఆ వాదన తలకిందులుగా ఉంది. మందు ఉన్న జబ్బయితే పరీక్ష లేకపోయినా మందు వేసి చూడొచ్చు, తగ్గితే అదే రుజువు. మందు లేని దానికే పరీక్ష ముందు పడాలి. లేకపోతే లేని జబ్బుకు మందులు పోస్తూ రెండు మూడు సీజన్లు ఇట్టే గడిచిపోతాయి.

ఇప్పుడీ మాట ఎత్తడానికి కారణం 2024లో వచ్చిన ఒక పేపరు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ, అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు గుర్రాల్లో పోయిన గర్భాలను తీసుకుని ఆ పిండాల క్రోమోజోములు పరిశీలించారు. మొదటి 110 రోజుల్లో పోయిన వాటిలో సగానికి పైగా క్రోమోజోమ్ తప్పులున్నాయి. 110 రోజులు దాటాక పోయిన వాటిలో అలాంటివి నూటికి రెండు కూడా లేవు. ఈ లెక్క చూడగానే "అయితే చూలు పోయిన ప్రతి గుర్రానికీ కారియోటైప్ చేయించాలి" అనిపిస్తుంది. అక్కర్లేదు. నా ఫిర్యాదంతా ఇక్కడే: చేయించాల్సిన చోట ఈ పరీక్ష ఆఖరున వస్తోంది, అక్కర్లేని చోటేమో ఇలాంటి లెక్కలు చూసి ముందుకు రాబోతోంది.

ఆ పేపరులో, తొలి వారాల్లో పోయిన పిండాల్లో ఎక్కువగా కనిపించిన తప్పు ట్రిప్లాయిడీ. అంటే రెండు సెట్లకు బదులు మూడు సెట్లు, 64కు బదులు 96. ఇది అండం తయారయ్యేటప్పుడో, వీర్యకణంతో కలిసేటప్పుడో ఆ ఒక్కసారికి జరిగే పొరపాటు. తల్లి రక్తం తీసి చూస్తే చక్కగా 64,ఎక్స్ఎక్స్ (మొత్తం 64 క్రోమోజోములు, అందులో ఎక్స్‌లు రెండు) ఉంటుంది, తండ్రికి 64,ఎక్స్‌వై. మళ్లీ దాటిస్తే మామూలు పిల్ల పుట్టొచ్చు. ముసలి గుర్రాల సంగతీ దాదాపు ఇంతే. వయసు మీదపడే కొద్దీ అండంలో క్రోమోజోములు సమంగా విడిపోవడం తప్పుతుంది, కానీ ఆ గుర్రం రక్తంలో ఏ తేడా కనబడదు. కాబట్టి ఒకసారి చూలు పోతే పరీక్షకు పంపాల్సింది తల్లి రక్తం కాదు, దొరికితే ఆ పిండాన్ని.

తల్లి రక్తమే తీయాల్సిన గుర్రం వేరు. అది ఒకసారి చూలు పోగొట్టుకున్నది కాదు, అసలు ఎప్పుడూ చూలు కట్టనిది.

అన్నీ బాగున్న గుర్రం

రేసులు మానేసి ఫారానికి వచ్చిన నాలుగేళ్ల ఫిల్లీని (కుర్ర ఆడగుర్రాన్ని) అనుకోండి. కొంచెం పొట్టి, అంతే. కాళ్లు బాగున్నాయి, తిండి బాగుంది, రేసుల్లో కూడా ఫరవాలేదనిపించుకుంది. స్టాలియన్‌ను (మగగుర్రాన్ని) చూపిస్తే తోక పక్కకు పెట్టి నిలబడుతుంది. దాటించారు. 16వ రోజు స్కాన్‌లో ఏమీ లేదు. మళ్లీ దాటించారు, మళ్లీ లేదు. గేదెల్లో అయితే తిరగపొర్లుతోందని రాసుకుంటాం. కానీ ఈ ఫిల్లీ తిరిగి పొర్లడం లేదు, ఎద చక్రమే లేదు. ఈ వారం నిలబడింది, వచ్చే వారమూ నిలబడింది, తర్వాత నెల రోజులు పట్టించుకోలేదు.

ఇది 63,ఎక్స్ అయ్యే అవకాశం బాగా ఉంది. ఒక ఎక్స్ క్రోమోజోమ్ లోపించింది, మనుషుల్లో టర్నర్ సిండ్రోమ్ అంటామే అలాంటిది. చూలు కట్టని ఆడగుర్రాల్లో కనిపించే క్రోమోజోమ్ తేడాల్లో ఇదే అన్నిటికన్నా మామూలుది. రెండో ఎక్స్ లేకపోతే అండాశయంలో అండాలు నిలవవు. అండం లేకపోతే ఫాలికల్ (అండం పెరిగే నీటి బుడగ) లేదు, ఫాలికల్ లేకపోతే ఎద చక్రం లేదు. కానీ ఎదను అణిచిపెట్టే ప్రొజెస్టిరోన్ కూడా లేదు కాబట్టి గుర్రం ఎప్పుడంటే అప్పుడు మగదాన్ని రానిస్తుంది. అందర్నీ మోసం చేసేది ఇదే. "ఎదకు వస్తోంది కదా, అండాశయం పనిచేస్తున్నట్టే" అనుకుంటారు.

ఇక మందులు మొదలవుతాయి. ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది కరిగించాల్సింది కార్పస్ లూటియాన్ని (అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరోన్ తయారుచేసే ముద్దను), ఇక్కడ అదే లేదు. హెచ్‌సీజీ ఇస్తారు. అది 35 మిల్లీమీటర్లు దాటిన ఫాలికల్‌ను పగిలేలా చేయాలి, ఇక్కడ 5 మిల్లీమీటర్లది కూడా లేదు. ప్రొజెస్టిరోన్ లాంటి ఆల్ట్రెనోజెస్ట్ మందును రెండు వారాలు నోట్లో పోసి ఆపుతారు, ఆపాక ఎద వస్తుందని ఎదురుచూస్తారు. లైట్ల కింద రోజుకు 16 గంటల చొప్పున రెండు నెలలు ఉంచుతారు. గర్భాశయం కడుగుతారు, యాంటీబయాటిక్ వేస్తారు. ఇవన్నీ మంచి మందులే, వాటి చోట వాటికి తిరుగులేదు. ఈ గుర్రంలో మాత్రం వాటికి పట్టుకోవడానికి ఏమీ లేదు. రేసు గుర్రాల జాతి అయిన థరోబ్రెడ్లలో కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు కాబట్టి ప్రతి ప్రయత్నానికీ గుర్రాన్ని లారీ ఎక్కించి స్టాలియన్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఖర్చు ఇంజెక్షన్లతో ఆగదు.

ఆరోగ్యం పరంగా మాత్రం ఆ గుర్రానికి పెద్దగా లోటు ఉండదు. సవారీకి పనికొస్తుంది, పరిగెడుతుంది. అందుకే "క్రోమోజోమ్ లోపం" అనగానే వికలాంగపు జంతువును ఊహించుకోవద్దు. అలాంటివీ ఉన్నాయి. 23, 26, 27, 28, 30, 31 వంటి చిన్న క్రోమోజోముల్లో ఒకటి అదనంగా వచ్చి ప్రాణంతో పుట్టిన పిల్లలు రికార్డుల్లో ఉన్నాయి: చిన్న ఒళ్లు, వంకర కాళ్లు, మందకొడితనం. పెద్ద క్రోమోజోమ్ అదనంగా వస్తే ఆ పిండం పుట్టేదాకా రాదు. పుట్టిన వాటిని చూడగానే తెలిసిపోతుంది, అక్కడ పరీక్ష గురించి పెద్ద వాదన లేదు. వాదనంతా అన్నీ బాగున్నట్టు కనిపించే వాటి గురించే.

చేతికి తెలిసేది

రక్తం తీయక ముందే అనుమానం బలపడాలి. అది డాక్టరు చేతిలోనూ స్కానర్ తెరమీదా ఉంటుంది. మామూలు గుర్రం అండాశయం 5 నుంచి 8 సెంటీమీటర్లు ఉంటుంది, మూత్రపిండం ఆకారం, ఒక పక్క గుంట. 63,ఎక్స్ గుర్రంలో అది 2 సెంటీమీటర్ల లోపు చిన్న గట్టి ముద్ద. తెరమీద నల్లటి గుండ్రాలు ఉండవు. గర్భాశయం పలచగా, చేతిలో నిలవకుండా మెత్తగా జారుతుంది. సర్విక్స్ పాలిపోయి సగం తెరుచుకుని ఉంటుంది.

ఇక్కడ తొందరపడకూడని కారణాలు రెండున్నాయి. ఎద సీజన్ కాని చలికాలంలో మామూలు గుర్రాల అండాశయాలు కూడా చిన్నవైపోతాయి. రేసుల్లో ఉండగా కండ పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లు పడిన ఫిల్లీకైతే అండాశయాలు నెలల తరబడి నిద్రపోతాయి, క్లిటోరిస్ కూడా పెరుగుతుంది. అది చూసి వై క్రోమోజోమ్ ఉందేమోనన్న ఇంకో అనుమానం పుడుతుంది. కాబట్టి నా లెక్క ఇది: ఫారానికి వచ్చి కనీసం ఆరు నెలలు గడవాలి, ఎద సీజన్ మధ్యలో వారానికొకటి చొప్పున మూడు స్కాన్లు చేయాలి, మూడింట్లోనూ ఫాలికల్ కనబడకపోతే ఆ రోజే రక్తం తీయాలి. ఇంకో ఇంజెక్షన్ వేసి చూద్దామనడం ఉండకూడదు. ఇంకో సీజన్ అసలే వద్దు.

కొందరు ఏఎంహెచ్ హార్మోన్ పరీక్షతో సరిపెట్టొచ్చు కదా అంటారు. ఫాలికల్స్ లేని గుర్రంలో అది బాగా తక్కువ చూపిస్తుంది, నిజమే. కానీ ముసలి గుర్రంలో కూడా తగ్గుతుంది. అది ఏమీ లేదని చెబుతుంది గానీ ఎందుకు లేదో చెప్పదు. తోడుగా పనికొస్తుంది, బదులుగా కాదు.

ట్యూబు దగ్గరే పోయే పరీక్ష

కారియోటైప్ మీద నమ్మకం తగ్గడానికి సగం కారణం రక్తం పాడై "కణాలు పెరగలేదు" అని రిపోర్టు రావడం. ఇది బతికున్న కణాలను పెంచి చేసే పరీక్ష. డీఎన్ఏకు తీసినట్టు ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో తీస్తే పనికిరాదు, ఆకుపచ్చ మూత సోడియం హెపారిన్ ట్యూబు కావాలి. 10 మిల్లీలీటర్లు చాలు. తీసిన వెంటనే ఏడెనిమిది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, ఊపకూడదు. థర్మోకోల్ పెట్టెలో జెల్ ప్యాక్ పెట్టి, దానికీ ట్యూబుకీ మధ్య నాలుగు మడతల న్యూస్‌పేపర్ వేయాలి. ఐస్ నేరుగా తగిలితే కణాలు పగిలిపోతాయి, ఫ్రీజర్‌లో పెడితే పరీక్ష అక్కడితో సరి. ల్యాబుకు 48 గంటల్లో చేరాలి. అంటే శుక్రవారం తీసిన రక్తం ఆదివారమంతా కొరియర్ గోడౌన్లో పడుంటుంది. సోమవారం పొద్దున్నే తీయండి. మే నెలలో మన ఊళ్ల నుంచి పంపేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఇది దగ్గర్లో దొరికే పరీక్ష కాదు, ట్యూబు దూరం వెళ్లాలి. ల్యాబుకు ముందే ఫోన్ చేసి వాళ్లు కల్చర్ పెట్టే రోజు కనుక్కోవడం ఇంకా మేలు.

ల్యాబులో తెల్లకణాలను పోక్‌వీడ్ మైటోజెన్ వంటి దానితో విభజనకు ప్రేరేపించి మూడు రోజులు పెంచుతారు. కోల్సెమిడ్‌తో విభజన మధ్యలో ఆపుతారు, పలచటి ఉప్పునీటితో కణాలను ఉబ్బిస్తారు, మెథనాల్ మూడు వంతులు, ఎసిటిక్ ఆమ్లం ఒక వంతు కలిపి స్థిరపరుస్తారు, స్లైడ్ మీద చుక్క వేసి రంగు పెడతారు. గుర్రంలో 13 జతలు మధ్యలో నడుం ఉన్నవి, 18 జతలు కొసన నడుం ఉన్న చిన్నవి. ఆ చిన్నవన్నీ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఎక్స్ మాత్రం పెద్దది, సీ-బ్యాండింగ్ అనే రంగు పద్ధతి వాడితే దాని పొడవు చేయి మధ్యలో నల్లటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. మనుషుల క్రోమోజోములు మాత్రమే చూసే ల్యాబు చేతికి గుర్రం స్లైడ్ ఇస్తే లెక్క సరిగ్గా వచ్చినా ఏది ఏదో చెప్పడంలో పొరపాటు పడొచ్చు. గుర్రాల మీద అలవాటున్న ల్యాబునే అడగాలి.

రిపోర్టులో మొట్టమొదట చూడాల్సింది ఎన్ని కణాలు లెక్కపెట్టారన్నది. కొన్ని గుర్రాల్లో అన్ని కణాలూ ఒకేలా ఉండవు, కొన్ని 63,ఎక్స్, కొన్ని 64,ఎక్స్ఎక్స్. వీటిని మొజాయిక్ అంటారు. పది శాతం కణాల్లో తేడా ఉంటే, 30 కణాలు చూసిన ల్యాబు దాన్ని పూర్తిగా తప్పిపోయే అవకాశం 5 శాతం లోపు. తేడా 5 శాతం కణాల్లోనే ఉంటే అదే భరోసాకు 59 కణాలు చూడాలి. పది కణాలు చూసి "నార్మల్" అని రాసిన రిపోర్టు కాగితం ఖర్చుకు కూడా సరిపోదు. ఇంకో వైపు, 50 కణాల్లో రెండింట్లో ఒక ఎక్స్ కనబడలేదంటే అది స్లైడ్ మీద జారిపోయింది కూడా కావచ్చు. దాన్ని పట్టుకుని గుర్రాన్ని గొడ్డు అనకూడదు.

నిజంగా మొజాయిక్ అని తేలితే నా వాదన కాస్త బలహీనపడుతుంది, ఒప్పుకోవాల్సిందే. 63,ఎక్స్ అయితే ఇక ఆపేయండి అని ధైర్యంగా చెప్పొచ్చు. మొజాయిక్‌లో చెప్పలేం. రక్తంలోని శాతం అండాశయంలోని శాతాన్ని చెప్పదు. కొన్ని ఎద చక్రాలు చూపిస్తాయి, అరుదుగా చూలు కూడా కడతాయి. అలాంటి దానికి స్కాన్‌లో ఫాలికల్స్ పెరుగుతుంటే ఒక సీజన్ ఇవ్వడం న్యాయం. ఎక్స్ఎక్స్, ఎక్స్‌వై కణాలు రెండూ కలిసి కనబడితే ఇంకో మెలిక ఉంది. అది కవల చూలులో పక్క మగపిల్ల రక్తం కలిసిందీ కావచ్చు. ఆవుల్లో అలా కలిస్తే పెయ్య గొడ్డుపోతుంది. గుర్రాల్లో అలా జరగదు, ఆ ఆడపిల్ల మామూలుగా ఈనుతుంది. చర్మం ముక్క తీసి అందులోని కణాలు చూస్తే సంగతి తేలిపోతుంది. ఈ తేడా తెలియక ఆవు నియమాన్ని గుర్రానికి తగిలిస్తే ఈనగలిగిన ఫిల్లీని వదిలేసుకుంటాం.

సంఖ్య గురించి కూడా ఒక మాట. 63 అన్న సంఖ్య ఒక్కటే ఏమీ తేల్చదు, కంచరగాడిదకూ 63 క్రోమోజోములే. బేసి సంఖ్య అంటే గొడ్డే అనుకోవడమూ తప్పు. మంగోలియా ప్రెజ్వాల్‌స్కీ గుర్రానికి 66, దాన్ని మామూలు గుర్రంతో దాటిస్తే పుట్టేదానికి 65, అది శుభ్రంగా ఈనుతుంది. అక్కడ జరిగింది రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటి కావడమే, సరుకేమీ పోలేదు. ఎన్ని ఉన్నాయన్నదాని కన్నా ఏది పోయింది, ఏది అదనంగా వచ్చింది అన్నదే గర్భానికి లెక్క.

మందు ఉన్న క్రోమోజోమ్ తేడా

"మందు లేదు" అన్న వాదనకు పూర్తిగా ఎదురు నిలిచే గుర్రాలు కొన్ని ఉన్నాయి. చూడటానికి ఆడగుర్రం, కారియోటైప్ 64,ఎక్స్‌వై. ఇందులో రెండు రకాలు. వై క్రోమోజోమ్ మీద మగతనాన్ని మొదలుపెట్టే ఎస్ఆర్‌వై జన్యువు ఊడిపోయినవి ఒక రకం. వీటికి అండాశయాలు ఎదగవు, ఒళ్లు మాత్రం నిండుగా, ఒక్కోసారి తోటి ఆడగుర్రాల కన్నా ఎత్తుగా ఉంటుంది. ఇవి చూలు కట్టవు, సవారీకి దివ్యంగా ఉంటాయి.

రెండో రకంలో ఎస్ఆర్‌వై ఉంటుంది. వృషణాలు కడుపులో పెరుగుతాయి, టెస్టోస్టెరోన్ తయారవుతుంది, కానీ దాన్ని అందుకునే రిసెప్టార్ జన్యువు చెడిపోయి ఉండటం వల్ల ఒళ్లు ఆడగుర్రంలా తయారవుతుంది. ఇది క్వార్టర్ హార్స్, థరోబ్రెడ్ వంటి జాతుల్లో గుర్తించిన లోపం. ఇక్కడ పరీక్ష చేయించకపోతే నష్టం రెండు విధాలు. ఒకటి, కడుపులో చిక్కుకున్న వృషణం గడ్డగా మారొచ్చు. సర్జరీతో తీసేస్తే ఆ భయం పోతుంది, స్టాలియన్‌లా ఎగబడే ప్రవర్తన ఉంటే అదీ తగ్గుతుంది. రెండు, ఈ లోపం తల్లి నుంచి వస్తుంది. తల్లి మామూలుగానే ఉంటుంది, కానీ దానికి పుట్టే ఎక్స్‌వై పిల్లల్లో సగం ఇలా పుడతాయి, ఆడపిల్లల్లో సగం అదే లోపాన్ని ముందుకు మోస్తాయి. అంటే ఒక గుర్రం రిపోర్టు ఆ తల్లి గురించీ దాని చెల్లెళ్ల గురించీ చెప్పేస్తుంది. రేసుల్లో అయితే ఇంకో తంటా. ఆడగుర్రాల టెస్టోస్టెరోన్‌కు పరిమితి ఉంది. ఇలాంటి ఫిల్లీ ఆ గీత దాటితే హార్మోన్ ఇచ్చారన్న మచ్చ ట్రైనర్ మీద పడుతుంది.

నాకు సందేహం ఉన్న చోటు

ట్రాన్స్‌లొకేషన్. రెండు క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి తారుమారవుతాయి. సరుకంతా ఉంది కాబట్టి ఆ గుర్రానికి ఏ ఇబ్బందీ లేదు, ఎద చక్రం గడియారంలా నడుస్తుంది. చిక్కంతా అండాలు తయారయ్యేటప్పుడు. సుమారు సగం అండాలకు ఒక ముక్క ఎక్కువగానో తక్కువగానో పడుతుంది, ఆ పిండాలు నిలవవు. 2008లో అమెరికాలోని కెంటకీ పరిశోధకులు మూడు థరోబ్రెడ్ ఆడగుర్రాల్లో దీన్ని చూపించారు. ఒకదానిలో 1, 21 క్రోమోజోములు, ఇంకోదానిలో 16, 22, మరోదానిలో 4, 13. మూడూ 65 రోజుల లోపే మళ్లీ మళ్లీ పిండాలను పోగొట్టుకున్నవే.

ఇక్కడ రిపోర్టు చేతికొస్తే ఏం చేయాలి? ఆ గుర్రం ఎప్పటికీ ఈనదని కాదు, అప్పుడప్పుడు ఈనుతుంది. పుట్టే ఆరోగ్యమైన పిల్లల్లో సుమారు సగం అదే తారుమారును మోస్తాయి, వాటితో కథ మళ్లీ మొదలవుతుంది. మంచి వంశం గుర్రమైతే యజమాని పాచిక వేసి చూస్తాడు, తప్పు పట్టలేను. పిండ బదిలీ చేస్తే సరిపోతుందన్న ఆశ మాత్రం దండగ. చెడింది గర్భాశయం కాదు, అండం. ఎవరి కడుపులో పెట్టినా అది అక్కడా నిలవదు.

నేను గీత ఎక్కడ గీస్తానంటే: 14-16 రోజుల స్కాన్‌లో పిండం కనబడి 60 రోజుల లోపు పోవడం మూడుసార్లు జరగాలి, గర్భాశయం బయాప్సీ, స్వాబ్ శుభ్రంగా ఉండాలి, వేరే స్టాలియన్‌తో కూడా అదే జరగాలి. అప్పుడే ఈ గుర్రాన్ని కారియోటైప్‌కు పంపడం. అంతకు ముందు పంపితే ఎక్కువసార్లు నార్మల్ అనే వస్తుంది, ఆ నార్మల్ చూసి అసలు కారణాన్ని వెతకడం మానేస్తారు. చూలు కట్టని గుర్రాల్లో ఎక్కువ శాతం గర్భాశయం వాపు, వయసు, చెడ్డ టైమింగ్ కారణంగానే అన్నది మరచిపోకూడదు.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని దారి ఒకటుంది. థరోబ్రెడ్లకు స్టడ్‌బుక్కులో (జాతి వంశావళి రికార్డులో) ఎక్కాలంటే తల్లిదండ్రుల డీఎన్ఏ పరీక్ష తప్పనిసరి. 17 మార్కర్లతో (గుర్రానికీ గుర్రానికీ తేడా చూపే డీఎన్ఏ గుర్తులతో) చేసే ఆ కిట్‌లో లెక్స్3 అనే మార్కర్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. తండ్రికి ఉన్నది ఒకే ఎక్స్. కాబట్టి ప్రతి కూతురికీ తండ్రి లెక్స్3 తప్పకుండా రావాలి. ఆ మార్కర్‌లోని రకాలకు అక్షరాల పేర్లుంటాయి; తండ్రికి ఓ, తల్లికి ఎమ్, పీ ఉండి, కూతురికి ఒక్క ఎమ్ మాత్రమే కనబడిందనుకోండి. మిగతా 16 మార్కర్లూ సరిపోయి ఇదొక్కటే తప్పితే ల్యాబు దాన్ని మ్యుటేషన్ అనుకుని పక్కన పెట్టే అవకాశం ఉంది. అది నిజంగా మ్యుటేషన్ కావచ్చు. కానీ తండ్రి ఎక్స్ అసలు రాకపోవడమూ కావచ్చు. అదే ట్యూబులోని డీఎన్ఏతో ఎక్స్ మీది ఇంకో నాలుగైదు మార్కర్లు చూస్తే అనుమానం నిలుస్తుందో పోతుందో తెలిసిపోతుంది. ఆడా మగా తేల్చే అమెలోజెనిన్ మార్కర్‌లో వై కనబడిన ఫిల్లీని కూడా అక్కడే పట్టుకోవచ్చు. అన్ని 63,ఎక్స్‌లూ ఇందులో దొరకవు. తండ్రిదే వచ్చి తల్లిది పోయిన సందర్భంలో తల్లిదండ్రులకు ఒకే రకం మార్కర్ ఉంటే ఏ తేడా కనబడదు. మొజాయిక్‌లు అసలే దొరకవు. అయినా దొరికినన్ని పిల్లగా ఉండగానే దొరుకుతాయి, బ్రూడ్‌మేర్‌గా (ఈనడానికి ఉంచే ఆడగుర్రంగా) అమ్ముడుపోక ముందే.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. అలాంటి గుర్తు రికార్డులో పడితే ఆ ఫిల్లీ ధర పడిపోతుంది, యజమాని ఒప్పుకోకుండా ఆ సంగతి చెప్పే హక్కు ల్యాబుకు ఎక్కడిది? న్యాయమైన ప్రశ్నే. పోలండ్‌లో 500 కుర్ర గుర్రాలను వరసగా పరీక్షిస్తే సుమారు 2 శాతంలో ఏదో ఒక క్రోమోజోమ్ తేడా కనబడింది. అంటే ఇబ్బంది పడే యజమానులు కొద్దిమందే, కానీ ఉంటారు. నా జవాబు: గుర్తు రికార్డులో పడనక్కర్లేదు, యజమానికి ఒక ఉత్తరం చాలు. ఆ తర్వాత బ్రూడ్‌మేర్‌గా అమ్మేటప్పుడు కొనేవాడు కారియోటైప్ రిపోర్టు అడగాలి, కాళ్ల ఎక్స్‌రేలు, గొంతు స్కోప్ అడుగుతున్నట్టే. మూడేళ్లు దాటి, ఇంతవరకు ఈనకుండా, చిన్న అండాశయాలున్న ఫిల్లీ అయితే రిపోర్టు లేనిదే డబ్బు కట్టకూడదు. సవారీకి కొనేవాడికి మాత్రం ఈ పరీక్ష అక్కర్లేదు, ఆ గుర్రానికి వీపు మీద మనిషిని మోయడానికి రెండో ఎక్స్‌తో పనిలేదు.